కొరియన్ సంప్రదాయ చిత్రాలతో డిజిటల్ ఆర్ట్: ముందు ఏ బొమ్మో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో మోషన్ గ్రాఫిక్స్ చేస్తున్నారు. ఒక కొరియన్ సాంస్కృతిక కార్యక్రమానికి ఎల్ఈడీ వాల్ మీద ఆడే మూడు నిమిషాల లూప్ కావాలన్నారు. పులి, చెర్రీ పూలు, రాజభవనం పైకప్పు, హాన్‌బోక్ కట్టుకున్న అమ్మాయి, వీటన్నిటి వెనక నియాన్ గీతలు పెట్టి శాంపిల్ చేశారు. చూసిన కొరియన్ మిత్రుడు "బాగుంది" అని ఊరుకున్నాడు. ఏం తక్కువైందో చెప్పమన్నారు.

నాకు కనిపించినంతవరకు అందులో సరుకు ఎక్కువైంది. కొరియా అని తెలియడానికి నాలుగైదు గుర్తులు పక్కపక్కన పెట్టారు, కానీ వాటిలో ఒక్కదాని దగ్గరా కాసేపు ఆగలేదు. పైగా చెర్రీ పూలు చూడగానే చాలామందికి ముందు జపాన్ గుర్తొస్తుంది. కొరియన్ సిరా చిత్రాల్లో ఎక్కువగా కనిపించేది మేహ్వా, చలి పూర్తిగా పోకముందే పూసే ప్లమ్ పువ్వు. ఆర్కిడ్, చామంతి, వెదురుతో కలిపి ఈ నాలుగింటినీ నలుగురు సజ్జనులుగా గౌరవిస్తారు. ఇలాంటి చిన్న తేడాలను మీ మిత్రుడు వెంటనే పట్టేస్తాడు. మర్యాద కొద్దీ పైకి అనడు, అంతే.

చాలాకాలంగా ప్రొజెక్షన్, ఎల్ఈడీ పనులు చేస్తున్నవాడిగా నా సలహా ఒకటే. ఒక్క బొమ్మ తీసుకోండి. ఆ బొమ్మ గీసినవాడు చోటును, వెలుగును, కాలాన్ని ఏ పద్ధతిలో పట్టుకున్నాడో తెలుసుకోండి. మీరు ఇచ్చే కదలిక ఆ పద్ధతిలోంచే రావాలి. సాఫ్ట్‌వేర్ తెరవడం ఆ తర్వాతి మాట. చెప్పడానికి తేలికే గానీ చేసేటప్పుడు దీని అర్థం ఏమిటో ఒక బొమ్మ పట్టుకుని చూపిస్తాను.

కొరియాను ఏలిన జోసోన్ రాజవంశం కాలపు చిత్రకారుడు జోంగ్ సోన్ (1676–1759) 1751లో వేసిన ఇన్వాంగ్ కొండ బొమ్మ ఉంది. సియోల్‌కు పడమర వైపున్న కొండ, వాన వెలిసిన తర్వాతి దృశ్యం. హాన్‌జీ కాగితం మీద సిరా, అడ్డం సుమారు 138 సెంటీమీటర్లు. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు దాటాయి. చిన్ననాటి మిత్రుడు, కవి యీ బ్యోంగ్-యోన్ ఆ ఏడాదే చనిపోయాడు. జబ్బుపడిన మిత్రుణ్ణి తలుచుకుంటూ వేసిన బొమ్మ అని చాలామంది పండితులు అంటారు. సామ్సంగ్ దివంగత ఛైర్మన్ లీ కున్-హీ కుటుంబం 2021లో దీన్ని దేశానికి ఇచ్చేసింది. ఇప్పుడు కొరియా జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది.

బొమ్మను పెద్దది చేసి దగ్గరగా చూడండి. ఇన్వాంగ్ కొండ నిజానికి తెల్లని గ్రానైట్. జోంగ్ సోన్ మాత్రం ఆ బండలను కారునలుపులో వేశాడు. వెడల్పాటి కుంచెతో పైనుంచి కిందికి, పూత మీద పూత, తడిసిన రాయి బరువు తెలిసేలా లాగాడు. కింద కొండ మొదట్లో పొగమంచు తేలుతూ కనిపిస్తుంది. ఆ మంచును ఆయన గీయలేదు. అది ఉత్త కాగితమే. పైన కొండ అంచు, కింద చెట్ల కొసలు గీసి మధ్యలో చోటు వదిలేశాడు. మన కన్ను దాన్ని మంచు అనుకుంటుంది.

ఇప్పుడు ఈ బొమ్మను కదిలించమంటే నూటికి తొంభై మంది ఏం చేస్తారు? పార్టికల్ సిస్టమ్ (వేలాది చుక్కలతో పొగ, దుమ్ము లాంటివి పుట్టించే సాధనం) పెట్టి బూడిదరంగు పొగ వదులుతారు. ఆ క్షణాన బొమ్మ చచ్చిపోతుంది. ఖాళీ కాగితం చేస్తున్న పనిని మీరు రంగుతో చేయబోతే రెండూ కొట్టుకుంటాయి. మంచు కదలాలంటే కదలాల్సింది సిరా. సిరా పొరను కాగితం పొర నుంచి విడదీయండి. స్కాన్‌లోని వెలుగు విలువలను మ్యాట్‌గా, అంటే ఏ భాగం కనిపించాలో తేల్చే ముసుగుగా వాడితే ఈ పని చాలామటుకు అయిపోతుంది, మిగిలింది చేత్తో రోటో చేయాలి, అంటే అంచు గీసి వేరుచేయాలి. తర్వాత సిరా అంచును మెల్లగా వెనక్కి లాగండి, మళ్లీ ముందుకు రానివ్వండి. చెట్ల కొసలు ఒకచోట మాయమై కాసేపటికి తేలతాయి. తెర మీద మీరు వేసిన మంచు ఒక్క చుక్క కూడా లేకపోయినా చూసేవాళ్లకు మంచు కదులుతున్నట్టే ఉంటుంది. సిరా కాగితంలోకి ఇంకే తీరు కూడా గమనించండి. హాన్‌జీని కాగితపు మల్బరీ చెట్టు బెరడు నారతో చేస్తారు. నార పొడుగ్గా ఉంటుంది కాబట్టి తడి అన్ని వైపులకూ సమానంగా పాకదు, నారల వెంట పోతుంది. మీ డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్‌కు (బొమ్మలో ఏ చోటు ఎంత జరగాలో చెప్పే చిత్రం) కంప్యూటర్ పుట్టించిన నాయిస్ బదులు నిజమైన హాన్‌జీ స్కాన్ పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఈ బాటలో ముందే నడిచినవాళ్లను చూడటం మంచిది. లీ లీ-నామ్ 1969లో దామ్యాంగ్‌లో పుట్టాడు. శిల్పం చదువుకుని, గ్వాంగ్జు కేంద్రంగా పనిచేస్తున్నాడు. జోంగ్ సోన్ చిత్రాలను, పాత వెదురు చిత్రాలను తీసుకుని ఎల్ఈడీ టీవీల మీద కదిలే బొమ్మలుగా మార్చాడు. ఇన్వాంగ్ కొండ మీద నాలుగు రుతువులు తిరుగుతాయి. వెదురు ఆకులు గాలికి ఊగుతాయి, వాటి మీద మంచు కురుస్తుంది. ఆయనలో నాకు నచ్చేది ఓపిక. కదలిక ఉందో లేదో అనుమానం వచ్చేంత నెమ్మదిగా మొదలుపెడతాడు. చూసేవాడు ఒక నిమిషం నిలబడితే గానీ ఏం జరుగుతోందో తెలియదు. మ్యూజియంలో ఒక చిత్రం ముందు మనిషి సగటున కొన్ని సెకన్లే ఆగుతాడు. ఆ మనిషిని అయిదు నిమిషాలు ఆపడమే తన పని అన్నట్టు ఉంటాయి ఆయన బొమ్మలు. అన్నీ నాకు ఒకేలా నచ్చవు. పాత చిత్రంలోకి విమానాలు, ఆధునిక వస్తువులు దించిన చోట్ల కాస్త గోల ఎక్కువనిపిస్తుంది. వెదురు, మంచు ఉన్నవి మాత్రం మీరు తప్పక చూడాలి.

గ్వాంగ్జులో ఇది ఇంతగా వేళ్లూనడానికి కారణం ఉంది. సిరా చిత్రాల దక్షిణ సంప్రదాయానికి చెందిన పెద్ద చిత్రకారుడు హో బేక్-ర్యోన్ (1891–1977) అక్కడి ముదుంగ్ కొండ దగ్గరే ఉండి బొమ్మలు వేశాడు, శిష్యులను తయారుచేశాడు. అదే ఊరు 2014లో యునెస్కో మీడియా ఆర్ట్స్ సృజన నగరం అయింది. కుంచె పట్టినవాళ్లు, ప్రొజెక్టర్ పట్టినవాళ్లు ఒకే ఊళ్లో ఎదురుపడుతుంటే పని వేరేగా ఉంటుంది.

ఇక కెమెరా సంగతి. మీ శాంపిల్‌లో పులి గాజు పెట్టెలోంచి బయటికి దూకుతుంది. సియోల్ సామ్సోంగ్-దోంగ్‌లో కోఎక్స్ దగ్గరున్న పెద్ద తెర మీద 2020లో డిస్ట్రిక్ట్ అనే సంస్థ ఆడించిన అల మీ మనసులో ఉందని అర్థమైంది. సుమారు 80 మీటర్ల అడ్డం, 20 మీటర్ల ఎత్తున్న తెర, అందులో గాజు తొట్టెలో ఎగసిపడే సముద్రం. అద్భుతమైన పని, కాదనను. కానీ ఆ మాయ ఒక నిర్ణీత చోట నిలబడితేనే సరిగ్గా పనిచేస్తుంది. కొంచెం పక్కకు జరిగితే పెట్టె వంకర పోతుంది. కొరియన్ పాత చిత్రాల పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఒకే కొండను కింది నుంచి పైకి, పైనుంచి కిందికి, ఎదురుగా దూరానికి, మూడు చూపులతో ఒకే కాగితం మీద వేస్తారు. యీ ఇన్-మున్ వేసిన కొండలూ నదుల చుట్ట పొడవు 8.56 మీటర్లు. చుట్టను కొద్దికొద్దిగా విప్పుకుంటూ, విప్పిన భాగాన్ని మళ్లీ చుట్టుకుంటూ చూసే బొమ్మ అది. చూసేవాడు ప్రయాణం చేస్తున్నాడు, అతనికి నిలబడే చోటంటూ ఒకటి లేదు. అలాంటి బొమ్మను త్రీడీ కెమెరా ముందు పెట్టి ఒకే వానిషింగ్ పాయింట్‌కు (దూరంలో గీతలన్నీ కలిసే చోటు) కట్టేస్తే కొండలన్నీ అట్ట ముక్కల్లా నిలబడతాయి.

దీనికి మార్గం కష్టమేమీ కాదు. కెమెరాను ఆర్థోగ్రాఫిక్‌లో (దూరమైనా వస్తువు చిన్నగా కనిపించని పద్ధతి) పెట్టి పక్కకు జరపండి. ముందుకు దూసుకుపోవద్దు. లోతు కావాలంటే సిరా చిక్కదనం మార్చండి: దగ్గరిది చిక్కగా, దూరంది పలచగా. పొరలు వేర్వేరు వేగాల్లో జరగాలి, ఆ తేడా కూడా చాలా తక్కువగా ఉండాలి.

ఈ విషయంలో చేక్‌గోరి చిత్రాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. పుస్తకాల అరలు, కుంచెలు, పింగాణీ, పండ్లు, కొన్నిట్లో కళ్లద్దాలు, గడియారాలు కూడా. రాజు జోంగ్జో 1791లో సింహాసనం వెనక ఎప్పుడూ ఉండే తెరను తీయించి పుస్తకాల అరల తెర పెట్టించాడు. అంత చదువు పిచ్చి ఆయనకు. తర్వాత ఈ బొమ్మలు జనం ఇళ్లకు చేరాయి. ఆ బొమ్మల్లో పెట్టెలు వెనక్కి పోయేకొద్దీ సన్నబడకుండా వెడల్పవుతాయి. ఒక్కో వస్తువుకు ఒక్కో చూపు. దీన్ని "సరిచేసి" త్రీడీలో మోడల్ చేయాలన్న ఆలోచన రానివ్వకండి. ఒక్కో అరకు ఒక్కో కెమెరా పెట్టి, వచ్చిన చిత్రాలను పక్కపక్కన అతికించండి. అరలన్నీ కలిసి ఒక్కసారి తిరిగినా, ఏదీ ఇంకోదానితో పొసగనట్టు కనిపిస్తుంది. చూడటానికి అంత కొత్తగా ఉండే దృశ్యం డిజిటల్‌లో మామూలుగా దొరకదు, అది మూడు వందల ఏళ్ల లోపు జనం చేత్తో వేసుకున్న బొమ్మల్లోనే ఉంది.

జోంగ్జో తీయించిన ఆ మొదటి తెర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ శాంపిల్ చివర్లో అది ఉంది, మధ్యలో ఒక రాజు బొమ్మ ఉంది. ఇర్వోరోబోంగ్‌దో: చూసేవాడికి కుడివైపు ఎర్రటి సూర్యుడు, ఎడమవైపు తెల్లటి చంద్రుడు, మధ్యలో అయిదు శిఖరాలు, రెండు జలపాతాలు, ఎర్ర మొదళ్ల పైన్ చెట్లు, కింద పొలుసుల్లా పేర్చిన అలలు. కొరియా 10,000 వోన్ నోటు మీద కూడా ఉంది. ఇది రాజు వెనక నిలబెట్టే తెర. ఆస్థాన వేడుకల చిత్రాల్లో రాజును గీసేవారు కాదు. ఖాళీ ఆసనం, వెనక ఈ తెర కనిపిస్తే రాజు ఉన్నట్టే. 1795లో జోంగ్జో తల్లి అరవయ్యో పుట్టినరోజుకు ఆమెను వెంటబెట్టుకుని హ్వాసోంగ్‌కు వెళ్లిన ఎనిమిది రోజుల యాత్రను ఉయిగ్వే అనే రాజ దస్తావేజులో బొమ్మలతో సహా నమోదు చేశారు. ఊరేగింపులో వందలాది మంది మనుషులు, జెండాలు, గుర్రాలు వరుసలు కట్టి ఉంటాయి. రాజు ఎక్కే గుర్రం కూడా ఉంటుంది, దాని మీద మనిషి ఉండడు.

మీ లూప్‌లోంచి రాజును తీసేయండి. ఆసనం ఖాళీగా వదలండి. కార్యక్రమం జరిగే చోట జనం తెర ముందు నిలబడి ఫొటోలు దిగుతారు కదా, ఆ ఖాళీలోకి వాళ్లే వచ్చి నిలబడతారు. సెన్సర్ పెట్టే వీలుంటే ఎవరైనా మధ్యకు వచ్చినప్పుడు అలలు కదలనివ్వండి, పక్కకు వెళ్లగానే ఆగిపోనివ్వండి. ఇంటరాక్టివ్ అని వేరే హంగామా అక్కర్లేదు. ఇది పాత తెర చేస్తున్న పనే. సూర్యచంద్రులను మాత్రం చోటు మార్చకండి. అద్దంలో తిప్పినట్టు ఫ్లిప్ చేసిన ఫైళ్లు నెట్‌లో దొరుకుతాయి, జాగ్రత్త.

పులి ఉండాల్సిందే అని క్లయింట్ పట్టుబడితే ఉంచండి. పులి, మాగ్‌పై పక్షి కలిసి ఉండే జానపద చిత్రాలు కొత్త సంవత్సరానికి ఇంటి తలుపులకు అంటించేవారు, చెడు లోపలికి రాకుండా. ఆ పులి కళ్లు చూడండి: ఒకటి ఇటు, ఒకటి అటు. ఒంటి మీద చారలు కొన్ని, చిరుత మచ్చలు కొన్ని. మెడ ఒక్కోసారి ఎముక లేనట్టు తిరిగి ఉంటుంది. పెద్దమనుషుల దర్పాన్ని వెక్కిరించే బొమ్మ అని కూడా అంటారు. మీరు దానికి నిజమైన బొచ్చు, కండరాలు, డాక్యుమెంటరీలో పులి నడక పెట్టారు. దానివల్ల అది ఏ దేశపు పులో తెలియకుండా పోయింది. దాన్ని చదునుగానే ఉంచండి. సెకనుకు పన్నెండు ఫ్రేములు చాలు. ఒళ్లు కదలకుండా కళ్లు మాత్రం పక్షి వెంట, ఒక్కోటి తన దారిన తిరిగితే పిల్లల నుంచి పెద్దల దాకా అక్కడే నిలబడి చూస్తారు. ఏఐతో పులిని పుట్టించవద్దని కూడా చెబుతాను. అడిగిన ప్రతిసారీ చైనా, జపాన్, కొరియా శైలులు కలిసిపోయి వస్తాయి, కళ్లను చక్కగా ఒకే వైపు పెట్టేస్తుంది.

అసలు కదలిక అవసరమా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. సియోల్‌లో పుట్టిన వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ (1932–2006) 1974లో ఒక పాత బుద్ధ విగ్రహాన్ని టీవీ ఎదురుగా కూర్చోబెట్టాడు. టీవీ వెనక కెమెరా. బుద్ధుడు టీవీలో తననే చూసుకుంటూ ఉంటాడు. విగ్రహానికి ఏమీ చేయలేదు, ప్రసారం ఆగదు, దృశ్యం మారదు. పాతదీ కొత్తదీ కలపడం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఇదే. ఆయనే 1988లో గ్వాచోన్‌లోని జాతీయ ఆధునిక కళల మ్యూజియంలో 1,003 మానిటర్లతో 18.5 మీటర్ల గోపురం కట్టాడు. ఆ అంకె అక్టోబర్ 3, కొరియా జాతి స్థాపన దినం. పాత ట్యూబ్ మానిటర్లు చెడిపోయి 2018లో ఆపేశారు. మరమ్మతు చేసి 2022లో మళ్లీ వెలిగించారు, చిన్న మానిటర్లు కొన్నిటికి ఎల్సీడీ పెట్టాల్సి వచ్చింది. మీ పని మూడు రోజుల ఈవెంట్‌కే కావచ్చు, అయినా పొరలు విడిగా ఉన్న ప్రాజెక్టు ఫైలు దాచుకోండి, వాల్ సైజు మారితే మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది.

ఇక టెక్నికల్ సంగతులు. టెన్షన్ పెట్టేవి సాధారణంగా ఇవే. వాల్ పిచ్, అంటే ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు ఉన్న దూరం, ఎంతో ముందే కనుక్కోండి. 3.9 మిల్లీమీటర్ల పిచ్ అయితే ఆరు మీటర్ల వాల్‌కు అడ్డంగా వచ్చేది సుమారు 1,536 పిక్సెళ్లే. సన్నటి సిరా గీత ఒక పిక్సెల్‌కు దిగిపోతే కదిలేటప్పుడు మిణుకుమంటుంది. గీతలు కనీసం రెండు మూడు పిక్సెళ్ల మందం ఉండేలా బొమ్మలో కొంత భాగమే తీసుకోండి. మొత్తం కొండను ఇరికించనక్కర్లేదు. కాగితం రంగును తెల్లగా వదలకండి, ఎల్ఈడీ మీద పూర్తి తెలుపు కళ్లలో గుచ్చుతుంది, సిరా నలుపు ఆ వెలుగులో కొట్టుకుపోతుంది. కాస్త పసుపు కలిసిన రంగులోకి, వెలుగు సగం పైచిలుకు దగ్గర ఆపండి. పలచటి సిరా పూతలు ఎనిమిది బిట్ల వీడియోలో మెట్లు మెట్లుగా విడిపోతాయి. రంగుకు ఎక్కువ మెట్లుండే పది బిట్ల ప్రోరెస్ వీడియో ఫైలు ఇవ్వండి. ప్లేబ్యాక్ వాళ్లు ఎనిమిది బిట్లే తీసుకుంటామంటే హాన్‌జీ నార ఆకృతిని సన్నగా పైన వేయండి, ఆ గరుకుదనం మెట్లను చాలావరకు దాచేస్తుంది.

రంగుల్లో నియాన్ తీసేయమంటాను. నీలం, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు అనే అయిదు దిక్కుల రంగులు సరే, కానీ భవనాల మీద కనిపించే ఎరుపు ఇటుకరాయి లాంటి ఇనుప మట్టి ఎరుపు, ఆకుపచ్చ కూడా బూడిద కలిసిన రాతి పచ్చ. ఫొటోలోంచి కలర్ పికర్‌తో తీసుకున్నా ఎల్ఈడీ మీద ఒక మెట్టు ఎక్కువ మెరుస్తాయి, ఆ మెట్టు ముందే తగ్గించుకోండి.

సౌండ్‌కు ఎలక్ట్రానిక్ బీట్ వేశారు. సాంజో అనే వాద్య సంగీతం వినండి. అతి నెమ్మదైన జిన్యాంగ్‌జో తాళంతో మొదలై, మెట్టు మెట్టుగా వేగం పెంచుకుంటూ పోతుంది. మూడు నిమిషాలకు ఆ వేగాన్నే ఎడిటింగ్‌కు ఆధారం చేసుకుంటే ఎక్కడ కట్ చేయాలన్న తర్జనభర్జన ఉండదు. లూప్ మళ్లీ మొదటికి వచ్చేచోట మాత్రం కాసేపు నిశ్శబ్దం ఉంచండి.

అనుమతుల విషయం మర్చిపోవద్దు. కొరియా ప్రభుత్వ సంస్థలు గోంగోంగ్‌నూరి అనే లైసెన్సు కింద చాలా చిత్రాలను విడుదల చేస్తాయి. అందులో ముఖ్యమైనవి నాలుగు రకాలు. ఒకటో రకమైతే సంస్థ పేరు చెప్పి వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, మార్పులు చేయవచ్చు. రెండో రకం వ్యాపారానికి పనికిరాదు, మూడోది మార్చకూడదు, నాలుగోదానికి రెండు నిబంధనలూ ఉంటాయి. మీరు చేసేది డబ్బు తీసుకుని బొమ్మను కదిలించే పని కాబట్టి ఈ నాలుగింట్లో మీకు పనికొచ్చేది ఒకటో రకమే. జాతీయ మ్యూజియం పేజీలో బొమ్మ కింద ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ప్రైవేటు మ్యూజియాల దగ్గరున్నవి, ఉదాహరణకు లీయుమ్‌లో ఉన్న జోంగ్ సోన్ గుమ్‌గాంగ్ కొండల చిత్రం, కాన్‌సోంగ్‌లో ఉన్న షిన్ యూన్-బోక్ చిత్రాలు, వాళ్లను అడగకుండా వాడొద్దు.

వాల్ కొలతలు, పిచ్, జనం ఎంత దూరంలో నిలబడతారో రాయండి. ఇన్వాంగ్ కొండ, ఖాళీ ఆసనం, పులి, ఈ మూడింట్లో దేన్ని ఎంచుకున్నారో చెబితే పొరలు ఎలా విడదీయాలో దానికి తగ్గట్టు వివరంగా రాస్తాను. నన్నడిగితే మాత్రం ఈ కార్యక్రమానికి ఖాళీ ఆసనమే సరిపోతుంది.